ప్రోగ్రామర్‌ను ఏడిపించిన కన్సోళ్లు

1990లలో పోటీపడ్డ రెండు వీడియో గేమ్ కన్సోళ్లలో, సెగా సాటర్న్‌కు ప్రాసెసర్లు రెండు, సోనీ ప్లేస్టేషన్‌కు ఒక్కటే. ఐనా సాటర్న్ అమ్మకాలు సుమారు 93 లక్షల దగ్గర ఆగిపోయాయి, ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది. హైదరాబాద్‌లో పాత కన్సోళ్లు పోగేసేవాళ్లు నలుగురు చేరినచోట ఈ లెక్క వచ్చిందంటే చాలు, "అంతా సోనీ డబ్బు, సోనీ ప్రచారం" అనే జవాబు వెంటనే వచ్చేస్తుంది. నాకు ఆ జవాబు ఎప్పుడూ సరిపోలేదు. పానాసోనిక్ అంతటి కంపెనీ వెనక నిలబడినా 3డీఓ అనే కన్సోల్ మునిగింది. అంతకుముందటి తన కన్సోల్ మెగా డ్రైవ్ రోజుల్లో ప్రచారంతోనే అమెరికాను ఊపేసిన సెగా ఆ తర్వాత కోలుకోలేదు.

కన్సోల్‌ను ఆడే పిల్లలకన్నా ముందే ముగ్గురు ఒప్పుకోవాలి. ఆట రాసే ప్రోగ్రామర్, దానికి పెట్టుబడి పెట్టే పబ్లిషర్, షాపులో చోటిచ్చే వ్యాపారి. ఓడిన కన్సోళ్లను ఒక్కొక్కటీ విప్పి చూస్తే ఈ ముగ్గురిలో ఎవరో ఒకరికి అది చేదైనట్టు కనిపిస్తుంది. సాటర్న్ ముగ్గురికీ చేదైంది. అందుకే దాని గురించే ఎక్కువ చెప్పాలి.

సాటర్న్‌లో 28.6 మెగాహెర్ట్జ్ హిటాచీ ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు రెండున్నాయి. కాగితం మీద చూస్తే బలం రెట్టింపు కావాలి. కానీ ఆ రెండూ ఒకే బస్సు (చిప్పుల మధ్య డేటా నడిచే దారి) మీద, ఒకే మెయిన్ మెమరీ మీద ఆధారపడ్డాయి. ఒక్కోదానికి సొంతంగా ఉన్నది 4 కేబీ క్యాష్, అంటే పక్కనే ఉండే చిన్న వేగమైన మెమరీ మాత్రమే. కావలసిన డేటా ఆ 4 కేబీలో దొరికినంతసేపు రెండూ పరిగెత్తుతాయి. దొరకని క్షణాన మెమరీకి వెళ్లాలి, అప్పటికే రెండోది మెమరీని వాడుతుంటే ఆగాలి. ఒకే కత్తిపీట ముందు ఇద్దరు వంటవాళ్లను కూర్చోబెట్టినట్టే. పైగా 2 ఎంబీ మెయిన్ మెమరీలో సగం వేగమైన ఎస్‌డీర్యామ్, మిగతా సగం నెమ్మదైన డీర్యామ్. ఏ డేటా ఎందులో పెట్టాలో ప్రోగ్రామరే చూసుకోవాలి. పనిని రెండు ముక్కలు చేసి, రెండూ ఒకేసారి ముగిసేలా, ఒకదాని దారికి ఒకటి అడ్డు రాకుండా రాయడం 1995లో చాలామందికి కొత్త విద్య. గడువు దగ్గరపడ్డ బృందాలు తేలిక దారి పట్టాయి. రెండో ప్రాసెసర్‌ను దాదాపు ఖాళీగా వదిలేశాయి.

అసలు చిక్కు బొమ్మలు గీసే దగ్గర ఉంది. సాటర్న్‌లో వీడియో చిప్పులు కూడా రెండు. వీడీపీ1 స్ప్రైట్లు (చదునైన బొమ్మలు), పాలిగన్లు (త్రీడీ మోడల్‌ను కట్టే ముక్కలు) గీస్తుంది. వీడీపీ2 నేపథ్యపు పొరల్ని చూసుకుంటుంది, వాటిని తిప్పుతుంది, వంచుతుంది. వీడీపీ1కు తెలిసిన ఆకారం నాలుగు మూలలది. స్ప్రైట్‌ను నాలుగు మూలలూ పట్టి లాగితే అదే పాలిగన్. మిగతా ప్రపంచమంతా త్రిభుజాలతో పనిచేస్తోంది. త్రిభుజం కావాలంటే నాలుగు మూలల్లో రెండింటిని ఒకే బిందువు దగ్గరికి తేవాలి. అప్పుడు ఆ కొన దగ్గర టెక్స్చర్, అంటే ముక్క మీద అంటించిన బొమ్మ, నలిగిపోతుంది. ప్లేస్టేషన్ కోసం తయారైన మోడల్‌ను ఇటు తేవాలంటే ఆర్టిస్టులు మళ్లీ మొదటి నుంచి కూర్చోవాల్సిందే.

పారదర్శకత సంగతి ఇంకా ఘోరం. పొగ, నీళ్లు, నీడలు, మంటలు ఇవన్నీ వెనక ఉన్నది కొంచెం కనబడేలా గీయాలి. వీడీపీ1 టెక్స్చర్‌లోని చుక్కల వెంట నడుస్తూ వాటిని స్క్రీన్ మీదికి విసురుతుంది. ఆకారం వంకరగా ఉంటే తెర మీది ఒకే చుక్కను రెండు మూడు సార్లు గీస్తుంది. మామూలు రంగైతే ఎన్నిసార్లు గీసినా తేడా రాదు. సగం పారదర్శకమైన రంగైతే, రెండుసార్లు పడ్డచోట మచ్చ తేలుతుంది. ఆ మిశ్రమం పనిని వీడీపీ2కు అప్పగిస్తే నేపథ్యంతో చక్కగా కలుపుతుంది, కానీ మధ్యలో ఉన్న పాత్రలు, పాలిగన్లు మాయమవుతాయి. అందుకే సాటర్న్ ఆటల్లో నీడలు, పొగలు జల్లెడలా ఉంటాయి. ఒక చుక్క గీసి ఒకటి వదిలేయడమే దారి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి పసుపు పిన్ను కాంపోజిట్ కేబుల్ పెడితే ఆ చుక్కలు కలిసిపోయి నిజంగా పారదర్శకంగా ఉన్నట్టే కనిపిస్తాయి. ఇవాళ రంగుల్ని విడివిడిగా పంపే ఆర్‌జీబీ స్కార్ట్ కేబుల్ తెప్పించి, కన్వర్టర్ ద్వారా ఎల్‌ఈడీ టీవీకి కలిపితే జల్లెడ కళ్లకు కొట్టినట్టు తెలుస్తుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం చవక కేబులే మేలు.

ఇప్పుడు ప్లేస్టేషన్ చూడండి. 33.87 మెగాహెర్ట్జ్ మిప్స్ ఆర్3000ఏ ప్రాసెసర్, దానికి అంటిపెట్టుకున్న జీటీఈ అనే లెక్కల యూనిట్. మూడు మూలల్ని త్రీడీ నుంచి తెర మీదికి తేవడానికి ఒక్క ఆదేశం చాలు, 23 క్లాక్ సైకిళ్లలో (ప్రాసెసర్ గడియారపు టిక్కుల్లో) పని ముగుస్తుంది. సాటర్న్‌లో ఈ లెక్కలు ప్రాసెసర్లు చేయాలి, లేదంటే ఎస్‌సీయూ అనే చిప్పులో ఉన్న డీఎస్‌పీ అనే లెక్కల యూనిట్‌కు, యంత్రానికి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో రాసివ్వాలి. సోనీ మొదటి నుంచీ సీ భాషలో రాసుకోమని లైబ్రరీలిచ్చింది, మామూలు పీసీలో బిగించుకునే డెవలప్‌మెంట్ బోర్డులిచ్చింది. సెగా ఇచ్చిన తొలి సామగ్రి పలచగా ఉండేది, పనికొచ్చే గ్రాఫిక్స్ లైబ్రరీ ఆలస్యంగా వచ్చింది.

ప్లేస్టేషన్ లోపాలు లేని యంత్రం కాదు. దశాంశ లెక్కల యూనిట్ లేదు, టెక్స్చర్లకు దూరాన్ని బట్టి సవరణ లేదు. అందుకే గోడలు వంకర్లు తిరుగుతాయి, మోడళ్ల అంచులు వణుకుతాయి. తొలి ఎస్‌సీపీహెచ్-1000 సిరీస్‌లో లేజర్ కదిలే పట్టాలు ప్లాస్టిక్‌వి, పైగా పవర్ సప్లై వేడి తగిలే చోట ఉన్నాయి. అవి అరిగిపోయి వీడియోలు ఆగి ఆగి వచ్చేవి, జనం కన్సోల్‌ను తలకిందులు చేసి ఆడుకున్నారు. ఇన్ని ఉన్నా గెలిచింది. ఎందుకంటే ఆ లోపాల వల్ల పని పెరిగింది సోనీకి, కొంత వినియోగదారుడికి. ప్రోగ్రామర్‌కు కాదు.

సాటర్న్ అభిమానులు ఇక్కడ వర్చువా ఫైటర్ 2 అనే కొట్లాట ఆటను ముందు పెడతారు. పెట్టాల్సిందే. 1995 చివర్లో వచ్చిన ఆ ఆట హై రిజల్యూషన్‌లో సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది. నేలను పాలిగన్లతో కాకుండా వీడీపీ2 పొరతో వేసి, వీడీపీ1 శక్తినంతా ఇద్దరు యోధులకే ఖర్చుపెట్టారు. అద్భుతమైన పనితనం. కానీ అది సెగా సొంత ఏఎమ్2 బృందం చేసింది. యంత్రం తయారుచేసినవాళ్ల పక్క గదిలో కూర్చున్నవాళ్లకు సాధ్యమైంది, బయట ఉన్న 20 మంది స్టూడియోకు సాధ్యం కాలేదంటే అది యంత్రం లోపమే. నా వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

ఇక వ్యాపారులు. 1995 మే 11న లాస్ ఏంజెలిస్‌లో జరిగిన మొదటి ఈ3 వీడియో గేమ్ ప్రదర్శనలో, సెప్టెంబర్ 2న రావలసిన సాటర్న్ ఇవాళే అమ్మకానికి వచ్చేసిందని సెగా ప్రకటించింది, ధర 399 డాలర్లు. సరుకు ఇచ్చింది నాలుగు గొలుసు దుకాణాలకు మాత్రమే. మిగతావాళ్లు మండిపడ్డారు, కేబీ టాయ్స్ సెగా సరుకే పెట్టుకోనంది. సెప్టెంబర్ కోసం ఆటలు సిద్ధం చేసుకుంటున్న పబ్లిషర్ల లెక్కలన్నీ తారుమారయ్యాయి. నెలల తరబడి కొత్త ఆటలు లేవు. అదే రోజు సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి, ప్లేస్టేషన్ ధరగా "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. ఆరు నెలల ముందే, 1994 నవంబర్‌లో, మెగా డ్రైవ్‌కు తగిలించుకోమని 32ఎక్స్ అనే 159 డాలర్ల పరికరాన్ని సెగా అమ్మింది. అది కొన్నవాళ్లకు సాటర్న్ రాక గోరుచుట్టు మీద రోకటిపోటు.

ధర తగ్గించే పోటీలోనూ చిప్పుల సంఖ్యే దెబ్బకొట్టింది. సోనీ 1996 మేలో 199 డాలర్లకు, 1997 మార్చిలో 149కి దించింది. ప్రతి దఫా లోపలి బోర్డు చిన్నదైంది, చిప్పులు కలిసిపోయాయి, అక్కర్లేని సాకెట్లు ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. సాటర్న్‌లో ఇన్ని వేర్వేరు చిప్పుల్ని అంత త్వరగా ఒకటి చేయడం కుదరలేదు. ఐనా ధర దించక తప్పలేదు. అమ్మిన ప్రతి పెట్టె మీదా నష్టమే.

నింటెండో 64 కథ వేరు. అక్కడ చేదైంది పబ్లిషర్‌కు. 1996లో కూడా నింటెండో క్యాసెట్టే పట్టుకుంది. లోడింగ్ సమయం లేదు, పిల్లలు విసిరికొట్టినా పాడవదు, నకలు తీయడం కష్టం. అన్నీ నిజమే. కానీ అతి పెద్ద క్యాసెట్టు 64 ఎంబీ, సీడీలో పట్టేది 650 ఎంబీ. సీడీ ముద్రణ చవక, అయిపోతే కొద్ది రోజుల్లో మళ్లీ కొట్టించుకోవచ్చు. క్యాసెట్టులోని చిప్పులు వారాల ముందే ఆర్డర్ చేయాలి, ఖర్చు ఎన్నో రెట్లు. ఎక్కువ చేయిస్తే సరుకు మిగిలిపోతుంది, తక్కువ చేయిస్తే జనం అడిగే వేళకు సరుకుండదు. ఈ జూదం ఆడేది నింటెండో కాదు, పబ్లిషర్. మూడు సీడీల ఫైనల్ ఫ్యాంటసీ 7 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిందంటే అందుకే. రెసిడెంట్ ఈవిల్ 2 రెండు సీడీల ఆట. ఏంజెల్ స్టూడియోస్ వాళ్లు వీడియోలతో సహా దాన్ని ఒక 64 ఎంబీ క్యాసెట్టులో కుక్కి 1999లో నిలబెట్టారు. అంత శ్రమ ప్రతి స్టూడియో ఎందుకు పడుతుంది? అన్నట్టు, ఎన్64ను ఓడిపోయిందనడం కొంచెం అన్యాయం. నింటెండో సొంత ఆటల బలంతోనే 3 కోట్ల 29 లక్షలు అమ్ముడైంది.

3డీఓ, అటారీ జాగ్వార్‌ల గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. రెండూ 1993లో వచ్చాయి. 3డీఓ సంస్థ డిజైన్ మాత్రమే చేసి, తయారీ హక్కులు పానాసోనిక్ లాంటివాళ్లకిచ్చింది. ఆటల మీద వచ్చే రాయల్టీ డిజైన్ సంస్థకు పోతుంది కాబట్టి, తయారీదారు లాభం పెట్టెలోనే చూసుకోవాలి. ధర 699 డాలర్లకు చేరింది. జాగ్వార్‌లో టామ్, జెర్రీ అనే రెండు శక్తివంతమైన చిప్పులున్నాయి, పక్కన 68000 ప్రాసెసర్ ఉంది. టామ్‌లోని ప్రాసెసర్ తన 4 కేబీ సొంత మెమరీ దాటి ప్రోగ్రామ్ నడపబోతే హార్డ్‌వేర్ దోషాలు అడ్డొచ్చేవి. అందరికీ తెలిసింది 68000 కాబట్టి దాని మీదే ఆట రాసేశారు, అది బస్సును పట్టుకుని కూర్చుంటే మిగతా చిప్పులు చేతులు కట్టుకుని చూశాయి. అమ్ముడైనవి రెండున్నర లక్షల లోపే.

ఇంతవరకూ చెప్పినదానికి గట్టి ఎదురుదెబ్బ ఒకటుంది. డ్రీమ్‌కాస్ట్. ప్రోగ్రామర్‌కు అంత సుఖమైన యంత్రం ఆ కాలంలో మరొకటి లేదు. 200 మెగాహెర్ట్జ్ ఎస్‌హెచ్-4 ఒక్కటే ప్రాసెసర్, పవర్‌వీఆర్ గ్రాఫిక్స్, 8 ఎంబీ వీడియో మెమరీ, కుదించిన టెక్స్చర్లను నేరుగా వాడుకునే వీలు. 1999 సెప్టెంబర్ 9న అమెరికాలో 199 డాలర్లకు వచ్చింది, మోడెమ్ లోపలే ఉంది. దానికి పోటీగా వచ్చిన ప్లేస్టేషన్ 2 (పీఎస్2) పరమ కఠినం. త్రీడీ లెక్కలు చేసే రెండు వెక్టర్ యూనిట్లకు విడిగా కోడ్ రాయాలి, గ్రాఫిక్స్ చిప్పులో ఉన్న 4 ఎంబీలోనే ఫ్రేమ్ బఫర్ (తెర మీది బొమ్మ), జెడ్ బఫర్ (ఏది ముందు, ఏది వెనక అనే లెక్క), టెక్స్చర్లు అన్నీ సర్దుకోవాలి. తొలి పీఎస్2 ఆటల్లో అంచులు రంపంలా కనబడటం ఆ ఇరుకు వల్లే. ఐనా పీఎస్2 15 కోట్లు దాటి అమ్ముడైంది, డ్రీమ్‌కాస్ట్ తయారీ 2001 మార్చితో ఆగిపోయింది.

మరి నా వాదన వీగిపోయినట్టేనా? కాదు, దానికి ఒక షరతు చేర్చుకోవాలి. ప్రోగ్రామర్ కష్టాన్ని ఎవరూ విడిగా తూచరు, అవతల ఎంతమంది కొంటారో దానితో కలిపి తూస్తారు. పీఎస్2 పాత ప్లేస్టేషన్ ఆటల్ని ఆడించింది, డీవీడీ సినిమాలు చూపించింది. కొనేవాళ్లు కోట్లలో ఉంటారని పబ్లిషర్‌కు ముందే తెలుసు, ఆ నమ్మకంతో కష్టానికి సిద్ధపడ్డాడు. సెగాకు ఆ నమ్మకం మిగల్లేదు. 32ఎక్స్, సాటర్న్ రెండిట్లో చేతులు కాల్చుకున్నవాళ్లు మూడోసారి దూరంగా నిలబడ్డారు. స్పోర్ట్స్ ఆటల దిగ్గజం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ డ్రీమ్‌కాస్ట్‌కు ఒక్క ఆటా చేయలేదు. సాటర్న్ నష్టాలతో ఖజానా ఖాళీ అయిన సెగాకు ఇంకో రెండేళ్లు ఓపిక పట్టే స్తోమత లేదు. డ్రీమ్‌కాస్ట్‌ను చంపింది సాటర్నే.

డ్రీమ్‌కాస్ట్‌ను పైరసీ చంపిందనే మాట హైదరాబాద్‌లో చాలామంది నోట వినిపిస్తుంది. ఆ మాట నిలబడదు. మిల్-సీడీ అనే సంగీత సీడీల కోసం వదిలిన సందులోంచి 2000లో నకళ్లు మొదలయ్యాయి. డ్రీమ్‌కాస్ట్ డిస్క్ అయిన జీడీ-రామ్‌లోని 1 జీబీని 700 ఎంబీ సీడీలో పట్టించడానికి వీడియోలు, పాటలు కుదించేవాళ్లు. నకళ్లు ఆడేందుకు లోపల అతికించే మోడ్ చిప్ అక్కర్లేదు, నిజమే. కానీ నాలుగైదు తీగలు అతికించి చిన్న పిక్ మైక్రోకంట్రోలర్ పెడితే చాలు, తొలి ప్లేస్టేషన్ కూడా నకళ్లు ఆడేది. అది గెలిచింది. నకళ్ల వల్లే కన్సోల్ చస్తే ముందు చావాల్సింది ప్లేస్టేషన్.

మన దగ్గర ఈ యుద్ధం వేరే యంత్రాలతో జరిగింది. 1995లో షా వాలెస్ ద్వారా సెగా మెగా డ్రైవ్ దేశంలోకి వస్తే ధర 18,000 రూపాయలు. ఆ కాలపు మధ్యతరగతి ఇంటికి అది ఆలోచించే వస్తువే కాదు. గెలిచింది పేరూ ఊరూ లేని 8-బిట్ టీవీ గేమ్. అది నింటెండో 8-బిట్ కన్సోల్‌కు నకలు. నింటెండో అమెరికాకు పంపిన రూపం, ఎన్‌ఈఎస్‌లో, అనుమతి లేని ఆటల్ని ఆపే 10ఎన్‌ఈఎస్ అనే తాళం చిప్పు ఉంది. దాని జపాన్ రూపం, 1983లో వచ్చిన ఫ్యామికామ్‌లో లేదు. నకలు యంత్రాలు పట్టుకున్నది ఆ తాళం లేని 60 పిన్నుల నమూనానే. తైవాన్ చిప్పుల కంపెనీ యూఎమ్‌సీ వాళ్ల యూఏ6538 వీడియో చిప్పు, మన టీవీల ప్రమాణమైన పాల్‌కు సరిపడా 50 హెర్ట్జ్‌లో బొమ్మ ఇస్తూనే, ప్రాసెసర్ వేగాన్ని జపాన్ యంత్రానికి దగ్గరగా, 1.77 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచింది. యూరప్ కోసం నింటెండో చేసిన పాల్ యంత్రం 1.66లో నడిచేది, జపాన్ ఆటల టైమింగ్ దాని మీద చెడేది. అంటే పాల్ దేశంలో జపాన్ క్యాసెట్టు ఆడించడానికి అసలుకన్నా నకలే మెరుగు! ఎవరి అనుమతీ అక్కర్లేదు, చవక, చెడితే మామూలు రేడియో మెకానిక్ బాగుచేయగలడు. ఎక్కువసార్లు పోయేది వోల్టేజీని అదుపులో ఉంచే 7805 రెగ్యులేటర్ ఒక్కటే. అడాప్టర్ పోలారిటీ మాత్రం చూసుకోవాలి. ఫ్యామికామ్ తరహా యంత్రాలకు మధ్యలో నెగటివ్ వస్తుంది, ఎక్కువ అడాప్టర్లకు పాజిటివ్ ఉంటుంది.

పీఎస్2 ఎన్నాళ్లు బతికిందో చెప్పడానికి మన ఊరి ఉదాహరణే ఉంది. హైదరాబాద్‌లోని ఔరోనా టెక్నాలజీస్ తయారుచేసిన హనుమాన్: బాయ్ వారియర్ 2009లో పీఎస్2 మీద విడుదలైంది. కన్సోల్ పుట్టిన తొమ్మిదేళ్లకు, ఆ కఠినమైన యంత్రం గుట్టంతా లోకానికి తెలిశాక, ఇక్కడి స్టూడియోకూ అవకాశం వచ్చింది. ఓడిన కన్సోల్‌కు ఇలాంటి రెండో తరం ప్రోగ్రామర్లు దొరకరు.

ఓడిన యంత్రాల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇక పనికొచ్చే సంగతులు. జపాన్ సాటర్న్, డ్రీమ్‌కాస్ట్ రెండూ 100 వోల్టులవి, పవర్ సప్లై లోపలే ఉంటుంది. ప్లగ్గు మన సాకెట్‌లో దూరింది కదా అని పెట్టారో, 230 వోల్టులు లోపల సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. అక్కడి ఫిల్టర్ కెపాసిటర్ 200 వోల్టులకే తయారైంది. ఫ్యూజు పోతే అదృష్టం, లేదంటే కెపాసిటర్ పేలుతుంది. వెనక లేబుల్ చదవకుండా స్విచ్ వేయొద్దు. 100 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వీటికి బోలెడు. కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్తే రాగి చుట్టలున్న బరువైన ట్రాన్స్‌ఫార్మరే అడగండి. ఇస్త్రీ పెట్టెలు, హెయిర్ డ్రయ్యర్ల కోసం చేసిన తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్లు కన్సోల్‌ను కాల్చేస్తాయి.

డ్రీమ్‌కాస్ట్ ఆట మధ్యలో దానంతటదే రీసెట్ అవుతుంటే లేజర్‌ను అనుమానించకండి. పవర్ సప్లై బోర్డు కూర్చునే ఆరు పిన్నులకు పట్టిన ఆక్సైడ్ దానికి కారణం. బోర్డు పైకి తీసి, పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొద్దిగా వంచి మళ్లీ బిగించండి. కంట్రోలర్లు నాలుగూ ఒకేసారి పనిచేయడం మానేస్తే, కంట్రోలర్ బోర్డు మీద ఎఫ్1 అని రాసున్న ఫ్యూజు రెసిస్టర్‌ను మీటర్‌తో చూడండి.

సాటర్న్‌కు వెనక మూత కింద సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ప్రతిసారీ తేదీ అడుగుతుంది, సేవ్ చేసినవన్నీ పోతాయి. లేజర్ పోయిందంటే కష్టం. ప్లేస్టేషన్‌కు కేఎస్ఎమ్-440 లేజర్లు ఇప్పటికీ చవకగా వస్తాయి, సాటర్న్‌కు బోర్డును బట్టి వేర్వేరు కంపెనీల డ్రైవులు. డ్రైవు తీసేసి ఎస్‌డీ కార్డుతో నడిపే ఫెన్రిర్ లాంటి బోర్డు పెట్టాలనుకుంటే, డబ్బు కట్టే ముందే పెట్టె విప్పి డ్రైవు రిబ్బన్ కేబుల్ పిన్నులు లెక్కపెట్టండి. కొన్ని సాటర్న్‌లలో 20, కొన్నింట్లో 21 ఉంటాయి. ఒకదానికి తెప్పించిన బోర్డు రెండోదానికి పట్టకపోవచ్చు.